ఎర్ర లక్క

“గుయ్ఁ...”

స్పీకర్లలో మళ్లీ అదే మోత.

భిక్షపతి ఈక్వలైజర్ డబ్బాను ఒక్క చరుపు చరిచాడు. మోత తగ్గలేదు, అరచెయ్యి మండింది.

దిల్‌సుఖ్‌నగర్ సందులో అతని సౌండు రిపేరు దుకాణానికి పేరుంది. చవకరకం డబ్బా విప్పి, లోపలి సరుకు మార్చి, పెద్ద కంపెనీ దానిలా పలికిస్తాడని.

ఆ విద్య అతనికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. రిపేరుకొచ్చే పాత డబ్బాల్లో ఎవరిదో చేతిపని కనిపించేది. నున్నటి టంకం. బిగించిన స్క్రూ వదులవకుండా దాని మీద కందిగింజంత ఎర్ర లక్క. చూసి చూసి అంతా పట్టుకున్నాడు. ఆ మనిషి కోఠిలో ఉంటాడని తప్ప ఇంకేమీ తెలియదు. మనసులోనే ‘ఉస్తాద్’ అని పిలుచుకునేవాడు. ఆ లక్క బయటి దేశానిదై ఉంటుందని బజారంతా వెతికాడు, దొరకలేదు.

ఇప్పుడీ డబ్బా మూడు రోజులుగా ప్రాణం తీస్తోంది. నాలుగు ఐసీ చిప్పులు మార్చాడు, నాలుగూ ఖరీదైనవే. పాట బాగుపడింది. పాట వెనక మోత అలాగే ఉంది.

ఫోన్ మోగింది. మీర్‌పేట్ ఫంక్షన్ హాలు యజమాని రామారావు.

“ఏవయ్యా, సాయంత్రం పెళ్లి పెట్టుకుంటే నాతో ఆటలా? పన్నెండింటికి వస్తున్నా. మోత వినబడిందో, ఇక నా హాలు గడప తొక్కొద్దు నువ్వు!”

“అయిపోతది సార్...”

ఫోన్ పెట్టేశాడు అవతల.

తలెత్తితే గుమ్మంలో ఓ ఆడమనిషి. యాభై దాటి ఉంటాయి. చంకలో గుడ్డసంచి.

“పనేమన్న ఉన్నదా బిడ్డా? నా పేరు సైదమ్మ. కోఠిల సౌండు దుకాణంల, ఎనుక గదిల ఇరవై ఏండ్లు చేసిన. సేటు సచ్చిపోయిండు, దుకాణం మూసిండ్రు.”

“ఊడ్చెటోళ్లు ఒద్దు. నేనే ఊడ్చుకుంట.”

“ఊడ్చుడు గాదు...”

“చాయ్ మోసెటోళ్లు గూడ ఒద్దు. నడువ్.”

ఆమె నడవలేదు. మోతకు చెవి ఒగ్గింది.

“గా మోత ఐసీల తప్పు గాదు బిడ్డా. ఎర్తు వైరు సూసినవా?”

“ఓహో! గిప్పుడు నువ్వు జెప్పాల్నా నాకు? నేనొచ్చేసరికి ఈడ గనవడొద్దు!”

ఇంకో ఐసీ కోసం పక్క దుకాణానికి పరుగెత్తాడు. వాడి దగ్గర లేదు. వాడి మీదా అరిచి, పది నిమిషాలకు తిరిగొచ్చాడు.

సైదమ్మ అతని కుర్చీలో కూర్చుని ఉంది. చిన్న గోళ్లరంగు సీసాకు మూత తిప్పుతోంది.

“ఏయ్! గీ వయసుల గోర్లకు రంగేసుకోనీకె నా కుర్సీనే దొరికిందా?”

“గోర్లకు గాదు. జర ఇనరాదు...”

“డబ్బా ముట్టుకున్నవా?”

“ముట్టుకున్న. ఆన్ చేసి సూడు.”

“ఆగం జేస్తివి గదనే!”

ఆమె సంచి లాగి బయటికి విసిరాడు. అది వెళ్లి మెట్ల మీద పడింది.

సైదమ్మ నెమ్మదిగా లేచి, దిగి, సంచికి అంటిన దుమ్ము దులుపుకుంది.

“కోపమున్నంత ఓపిక లేదు నీకు. ఎల్‌బీ నగర్‌ల నకిరేకల్ బస్సెక్కుత. మల్ల పట్నం మొఖం సూడ.”

“పో పో! ఎవరేడుస్తుండ్రు నీ కోసం!”

ఆమె సందు మలుపు తిరిగింది. ఆ వెనకే రామారావు కారు హారన్.

“పెట్టు, విందాం.”

భిక్షపతి స్విచ్ నొక్కాడు.

చప్పుడు లేదు.

రామారావు స్పీకరుకు చెవి ఆనించాడు. చీమ నడిచినా వినబడేంత నిశ్శబ్దం. పాట పెడితే మనిషి పక్కనే కూర్చుని పాడినట్టుంది.

“ఇదయ్యా పనంటే! హాల్లో ఇంకో ఆరు డబ్బాలున్నాయి, అన్నిటికీ ఇదే మోత. ఆదివారానికల్లా ఇలాగే చేసివ్వు, హాలు పనంతా ఇక నీదే. మూత బిగించు, కారు తిప్పుకొస్తా.”

“గట్లనే సార్” అన్నాడు భిక్షపతి. ఏం చేస్తే మోత పోయిందో అతనికి తెలియదు.

మూత పెట్టబోతూ లోపలికి తొంగిచూశాడు. ఎర్తు వైరు పాత చోటు విడిచి కొత్త చోట బిగిసి ఉంది. టంకం నున్నగా మెరుస్తోంది.

స్క్రూ మీద కందిగింజంత ఎర్ర లక్క.

వేలితో తాకితే అంటుకుంది.

సైదమ్మ చేతులు కళ్ల ముందు మెదిలాయి. ఒక్క గోటికీ రంగు లేదు.

వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇన్నేళ్లుగా బజారంతా వెతికిన ఉస్తాద్ లక్క, గోళ్లరంగు వాసన వేసింది.