పోతయ్య ఒప్పుకోలు

రొట్టె ముక్కల పళ్లెం రెండో వరుసలోకి వచ్చేసరికి పోతయ్య అరచేతులు తడిసిపోయాయి.

నెల మొదటి ఆదివారం. ప్రభువు బల్ల, యేసు జ్ఞాపకంగా రొట్టె పంచుకునే రోజు. పాపం దాచుకుని అయోగ్యంగా తింటే దేవుని తీర్పును కొని తెచ్చుకున్నట్టేనని పాస్టర్ షాలేమ్‌రాజు ఇప్పుడే హెచ్చరించాడు. తినకపోతే పక్కవాడు తిరిగి చూస్తాడు. ఎందుకు తినలేదని రేపటికల్లా సంఘమంతా అడుగుతుంది. పోతయ్య ఓ ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ఎనిమిదేళ్లుగా ఇంతే. మింగుడు పడదు, ఉమ్మేయనూ లేడు.

పళ్లెం చివరి వరుసకు వెళ్లింది. తలుపు పక్కన చాప మీద కూర్చున్న విశ్రాంతమ్మ దాన్ని ముట్టకుండా పక్కామెకు అందించింది. ఆమె మునుపటి పాస్టరు జోజి గారి భార్య. ఆయన పోయిన నాటి నుంచి ఆమె బల్లలో పాలుపొందదు. దుఃఖం అంటారు అందరూ. పోతయ్యకు అర్థమైంది వేరు. మనసులో పగ పెట్టుకుని బల్ల ముట్టకూడదు. మొగుడి చావుకు కారణమైనవాణ్ణి ఆమె క్షమించలేకపోతోంది. వాడెవడో ఆమెకు తెలియదు, అంతే.

తెలిసినవాడు పోతయ్య ఒక్కడే.

తొమ్మిదేళ్ల కిందటి మాట. పినపాక దాటి అడవినానుకుని ఉన్న ఈ ఊళ్లో అప్పట్లో మందిరమంటే తాటాకుల పాక. మే నెల. తునికాకు కోతలని ఊరంతా అడవిలోనే ఉంది. పోతయ్య అప్పటికి విశ్వాసి కాదు, తాపీ పని చేసుకునే మనిషి. మిట్టమధ్యాహ్నం పాక నీడన నిలబడి బీడీ కాల్చాడు. పీకను అక్కడే విసిరి తన దారిన తాను పోయాడు. తారు రోడ్డు ఎక్కి వెనక్కి చూస్తే పొగ.

లోపల జోజి గారు జ్వరంతో పడుకుని ఉన్నారు. దవాఖానాలో రెండు రోజులు కొట్టుమిట్టాడి ప్రాణం విడిచారు. ఎండకు అంటుకుందని కొందరన్నారు, కరెంటు తీగ తెగిందని కొందరన్నారు. పోతయ్య పేరు ఎవరి నోటా రాలేదు.

నెల తిరక్కుండానే పోతయ్య వచ్చి, కొత్త మందిరం తాను కడతానన్నాడు. కూలి వద్దన్నాడు. పునాది నుంచి పైన సిలువ దాకా తానే నిలబడి కట్టాడు. కడుతూ కడుతూనే వాక్యం విన్నాడు, బాప్తిస్మం తీసుకున్నాడు. విశ్రాంతమ్మ పొయ్యికి కట్టెలు మోశాడు. వానలకు ముందే ఆమె ఇంటికప్పు సర్దాడు. ఆమెకు జ్వరమొస్తే బండి మీద భద్రాచలం తీసుకుపోయాడు. ఆమె ఎన్నడూ వద్దనలేదు. అతని ముఖంలోకి మాత్రం చూసేది కాదు.

ఎన్ని ఇటుకలు పేర్చినా లోపలి బరువు దిగలేదు. తాను లేపిన గోడల మధ్యే అతనికి ఊపిరాడేది కాదు.

ఇవాళ ప్రసంగం కూడా సరిగ్గా అతని గురించి చెప్పినట్టే ఉంది. "మంచి పనులు చేసి రక్షణ సంపాయించుకోలేం. అది దేవుని కృప. మన పాపాల కోసం ఆయన సిలువ మీద చేసిందే చాలు. మనం చెయ్యాల్సింది దాచుకోకుండా ఒప్పుకునుడు" అన్నాడు షాలేమ్‌రాజు.

ఆ వెంటనే నవ్వుతూ ఇంకో మాట చెప్పాడు. "వచ్చే ఆదివారం మన పోతన్నను సంఘ పెద్దగా నిలబెడుతున్నం. విశ్రాంతమ్మగారే తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తరు."

చప్పట్లు మోగాయి. పోతయ్య వద్దని చెప్పబోతూ సగం లేచాడు. పక్కనున్న హాతీరాం భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"నీకంటె తగినోడు ఎవడున్నడే ఈ ఊళ్లె" అన్నాడు.

పోతయ్య తలుపు వైపు చూశాడు. విశ్రాంతమ్మ చాప ఖాళీగా ఉంది. చివరి ప్రార్థన కాకముందే ఆమె లేచి వెళ్లిపోయింది.

అన్నం తినబుద్ధి కాలేదు. తిన్నగా ఆమె ఇంటికే నడిచాడు. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"కూసో పోతయ్యా."

"కూసోనమ్మగారూ. ఒక్క మాట చెప్పి పోత. వచ్చే ఆదివారం నా తల మీద చెయ్యి పెట్టకుండ్రి."

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఏమైంది?"

చెప్పాడు. పాక నీడ, బీడీ, పీక. ఒక్కటీ దాచలేదు.

"అయ్యగారు లోపలున్నడని తెల్వదమ్మా. తెల్వకుంటె మాత్రం ఏంది, ఆయన్ను సంపింది నేనే. ఠాణాకు పొమ్మంటె పోత. సంఘంల నిలబడి చెప్పమంటె చెప్త. మాఫ్ చెయ్యమని అడిగే మొకం నాకు లేదు."

విశ్రాంతమ్మ చేతిలోని చింతపండు కింద పెట్టింది. కట్టెలపొయ్యి పక్కన పేర్చిన మోపులవైపు చూసింది.

"గందుకేనా, ఇన్నేండ్లు నాకు గిట్ల చాకిరి చేసింది?"

"అవ్."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరాయి. ఇక శపిస్తుందనుకున్నాడు పోతయ్య. మోకాళ్ల మీద కూలబడి ఆమె కాళ్లు పట్టుకోబోయాడు. ఆమె గబుక్కున కాళ్లు వెనక్కి తీసుకుంది. తొమ్మిదేళ్లలో మొదటిసారి అతని కళ్లలోకి చూసింది.

"బోరింగు కాడి నుంచి నేను ఉరికొచ్చేసరికి పాక ఇంకా అంటుకోలే పోతయ్యా, లోపల మంచమొక్కటే మండుతుంది, ఆయన చలిజ్వరానికి వణుకుతుండని దాని కింద కుంపటి పెట్టి నీళ్లకు పోయింది నేనే."