ఆడవాళ్ళ బండి

"ఎన్నిసార్లు చెప్పాలి, రొట్టెలు అడుగున పెట్టొద్దని. నలిగితే ఎవరు తింటారు, మీ నాన్నా?" అన్నాడు తౌఫీక్.

ఇత్తో రొట్టెలు బయటికి తీసింది. సంచి అడుగున మొగుడి ఉన్ని చొక్కా సర్ది, ఆ పైన ఉడకబెట్టిన గుడ్లు, ఖర్జూరాలు, అన్నిటికన్నా పైన రొట్టెలు పెట్టింది. మూడు రోజులకి ఒక్క మనిషికి సరిపడే సంచి. కాసాబ్లాంకా నుంచి వచ్చిన స్నేహితులు మధ్యాహ్నానికల్లా ఎర్ర దిబ్బల దగ్గర కలుసుకుంటామన్నారు. అక్కణ్ణుంచి అందరూ బండ్ల మీద ఎడారి ఇసుకలోకి. తౌఫీక్ దగ్గర ఇసుకలో నడిచే బండి ఇంకా లేదు. ఉన్నదల్లా తారురోడ్డు మీద పరుగెత్తే వెయ్యి సీసీ మోటార్‌సైకిల్, దాని గురించి ఊరంతా చాటుకునే నోరు.

"ఇవాళ సాయంత్రం మా చెల్లికి గోరింట పెడతారు," అంది ఇత్తో, సంచి మూతి బిగిస్తూ. "రేపు తెల్లవారుజామున అత్తారింటికి పంపేస్తారు. మీరెలాగూ మూడు రోజులు ఉండరు కదా..."

"నువ్వు పోతే ఇక్కడ నా మోటార్‌సైకిల్‌కి కాపలా ఎవరు?"

"నిన్న సంత లారీ మా ఊరికే వెళ్ళింది. మీరు ఎక్కనివ్వలేదు."

"ఊరంటావేంటి దాన్ని? రోడ్డు కూడా లేదు. నాలుగు మట్టి గోడలు, నలభై మేకలు. లే, బండి అద్దె బేరానికి నువ్వు రావాలి. మీవాళ్ళ భాషలో అడిగితే ధర దిగుతుంది."

రిస్సానీ ఊరి చివర జాయెద్ దొడ్డిలో ఇసుకలో నడిచే అద్దె బండ్లు వరసగా గోడకి ఆనించి ఉన్నాయి. జాయెద్ ముసలాయన తౌఫీక్‌ని బూట్ల దగ్గర్నుంచి హెల్మెట్ దాకా చూశాడు. అన్నీ కొత్తవి. ధరచీటీ ఒక్కటే తీసినట్టున్నారు.

"ఇసుకలో ఇదే మొదలా బాబూ?"

"ఇసుకలో మొదలు. బండి మీద పద్దెనిమిదేళ్ళు."

"అయితే ఆ పద్దెనిమిదేళ్ళూ మర్చిపోవాలి. కొత్తవాళ్ళకి ఆ బాధ లేదు." రంగు వెలిసిన ఒక పొట్టి బండి మీద చెయ్యి వేశాడు జాయెద్. "ఇది తీసుకోండి. రెండు కాళ్ళూ నేలకి ఆనతాయి. పడ్డా ఒక్కరే లేపుకోవచ్చు."

"ఈ కుట్టుమిషనా? నాది వెయ్యి సీసీ, తెలుసా పెద్దాయనా?"

"ఇసుకకి చదువు రాదు నాయనా. ఆ అంకె దానికి కనపడదు."

తౌఫీక్ కళ్ళు అప్పటికే మూలనున్న నీలం బండి మీద పడ్డాయి. నాలుగు వందల యాభై సీసీ, పందేల్లో తిరిగిన బండి. సీటు అతని నడుముకి వస్తోంది. జాయెద్ వద్దన్నాడు. ఇత్తో కూడా, "ఆయన చెప్పేది వినండి," అంది.

"మేకలు కాసినవాళ్ళు నాకు బండి నేర్పడమొకటి," అంటూ ఎక్కాడు.

కాలి బొటనవేళ్ళు మాత్రమే నేలకి అందాయి. దొడ్డి దాటగానే మెత్తని ఇసుక తగిలింది. రోడ్డు మనిషి కదా, భయం వేసి వేగం తగ్గించాడు, ముందు బ్రేకు నొక్కాడు. బండి అక్కడే ఆగింది. తను ఆగలేదు. నోట్లో ఇసుక ఉమ్ముకుంటూ లేచి, బండిని ఎత్తి, కాలితో స్టాండు కోసం వెతుక్కుని, ఉందనుకుని వదిలేశాడు. అది మళ్ళీ అతని కాలి మీదే పడింది.

"దీనికి స్టాండే లేదు. దొంగ సరుకు."

"పందెం బండికి స్టాండుండదు బాబూ. అది ఆగడానికి పుట్టలేదు," అన్నాడు జాయెద్. ముఖంలో నవ్వు లేదు. నవ్వి ఉంటే తౌఫీక్‌కి కాస్త నయంగా ఉండేది.

"సరే. నీ పొట్టి బండి ఆడవాళ్ళ బండని ఇప్పుడే చూపిస్తాను. మా ఆవిడ పెళ్ళికి ముందు మోపెడ్ మీద ఖర్జూరపు గంపలు మోసేదట. ఇత్తో, ఎక్కు. ఆ దిబ్బ దాకా వెళ్ళి రా."

"నేనా?"

"నువ్వే. నువ్వు కూడా నడపగలిగితే ఇంక అదేం బండి?"

ఇత్తో పొడుగు అంగీ అంచు ఎత్తి నడుముకి దోపింది. తలగుడ్డ గడ్డం కింద ముడి వేసింది. హెల్మెట్ అడిగితే తౌఫీక్ ఇవ్వలేదు. "అక్కడిదాకేగా, చెమట పట్టిస్తావు," అన్నాడు. ఆమె జాయెద్ వైపు తిరిగి తమ భాషలో ఏదో అడిగింది. ఆయన రెండు ముక్కల్లో జవాబిచ్చాడు.

"ఏమంటాడు?"

"బ్రేకు జోలికి పోవద్దంటున్నాడు."

నిలబడి నడిపింది, ముందు చక్రాన్ని చూడకుండా దూరం చూస్తూ. మెత్తని ఇసుక దగ్గర వేగం తగ్గించలేదు, పెంచింది. దిబ్బ ఎక్కింది, అవతలికి దిగింది. చప్పుడు కొంతసేపు వినిపించింది, తర్వాత లేదు.

"పడి ఉంటుంది," అన్నాడు తౌఫీక్. "పడనీ. అప్పుడు నీకు తెలుస్తుంది."

జాయెద్ పుదీనా టీ పోశాడు. మొదటి గ్లాసు అయింది. రెండోది చల్లారింది. తౌఫీక్ కుంటుకుంటూ దిబ్బ ఎక్కి చూసి వచ్చాడు. చక్రం జాడ ఒక్కటే, ఎక్కడా తూలకుండా, నల్లరాళ్ళ మైదానం వైపు పోతోంది.

"ఎక్కే ముందు నిన్నేం అడిగింది?"

"బ్రేకు సంగతి నేను చెప్పిందే. తను అడిగింది ఒకటే, ట్యాంకులో పెట్రోలు మా పుట్టింటి ఊరి దాకా వస్తుందా అని."

"నువ్వేమన్నావు?"

"పోవడానికి వస్తుంది, తిరిగి రావడానికి చాలదు అన్నాను."

మర్నాడు, గురువారం, సంత లారీలో బండి తిరిగొచ్చింది. ఇత్తో రాలేదు. ఆ బుధవారం పొద్దున వెళ్ళిన మనిషి మరెప్పుడూ రాలేదు.