ఐసు ఫ్యాక్టరీ మలుపు

"టైమెంతైందమ్మా?"

పరుగెత్తుతున్న డ్రిల్లు టీచరు ఆగింది. ఆగక చస్తుందా? పెద్దాయన స్టూలు మీంచి లేచి, దారికి అడ్డంగా నిలబడి మరీ అడిగాడు.

"ఆరున్నర."

ఆయన పక్కనున్న గోడ వైపు ఓసారి చూసి, "సంతోషం తల్లీ, వెళ్లిరా" అన్నాడు.

నాలుగడుగులు వేశాక ఆమెకు తట్టింది. ఆయన చేతికి గడియారం ఉంది. నిక్షేపంగా నడుస్తోంది కూడా.

ఆమె ఆ బడికి కొత్త. పిల్లలకు సరస్సు చుట్టూ పరుగుపందెం పెడదామన్నది ఆమె ఆలోచనే.

"శుక్రవారంలోగా మంచి దారి చూపించు, పెడదాం. లేదంటే ఎప్పటిలా గ్రౌండులోనే" అంది హెడ్మిస్ట్రెస్.

గ్రౌండులో అంటే గానుగెద్దు తిరుగుడే. టీచరు పంతం పట్టింది.

అంత పెద్ద సరస్సుకు దారులకేం కొదవ? మంచి దారికే కొదవ. అవతలి గట్టు మీద మట్టి మెత్తగా ఉంటుంది, చినుకు పడితే బురద. బంగళాల వెనక నుంచి వెళితే చల్లటి నీడ, గేటుకో కుక్క. రైలు పట్టాల పక్కనేమో కంకర, పిల్లల మోకాళ్లు చిట్లుతాయి.

చివరికి నీటి అంచునే పట్టుకుని చుట్టూ తిరిగొచ్చే దారి ఒకటి దొరికింది. ఎంత బాగుందో! ఐసు ఫ్యాక్టరీ మలుపు దగ్గర మాత్రం, పానకంలో పుడకలా, ఈ పెద్దాయన.

మర్నాడు వాచీ, ఫోను ఇంట్లో పెట్టి వచ్చింది, ఏం చేస్తాడో చూద్దామని.

"లేసు ఊడింది చూసుకో అమ్మా."

వంగి చూసింది. రెండూ బిగుతుగానే ఉన్నాయి.

"ఊడలేదే!"

"అవునా? ముసలి కళ్లు తల్లీ. ఇక వెళ్లు."

ఆ తర్వాతి రోజు లేసుల్లేని బూట్లు వేసుకొచ్చింది. పోట్లాటకు కాదు, అచ్చంగా కుతూహలం.

"నిన్న అచ్చం నీలాగే ఒకమ్మాయి వెళ్లింది. మీ చెల్లెలా?"

ఆమెకు నవ్వొచ్చింది. ఒళ్లూ మండింది.

"అసలు మీకేం కావాలి తాతగారూ?"

"నాకేం వద్దమ్మా. వెళ్లిరా."

వెళ్లలేదు. కాస్త ఎడంగా నిలబడి చూసింది. బొజ్జాయన వస్తే ఆపాడు. కాలేజీ పిల్లలొస్తే ఆపాడు. మనిషికో ప్రశ్న. కొందరు నవ్వారు, కొందరు విసుక్కున్నారు. ఆగనివాళ్లు మాత్రం లేరు.

కబుర్లకు మొహం వాచిన ఒంటరివాడా? మతి చలించిందా? అడిగితే చెప్పడాయె.

ఫ్యాక్టరీ వాచ్‌మన్‌ని అడిగింది.

"ఎవరో పిచ్చాయన మేడమ్. మా మనిషి కాదు."

"రేపు దారి ఒకసారి సరిచూసుకుని, ఎల్లుండి పిల్లల్ని తీసుకొస్తాను. ఇలా పట్టుకుని నిలబెడితే పందెం సాగినట్టే! కాస్త అక్కణ్ణుంచి పంపించేయకూడదూ?"

"దానికేం భాగ్యం మేడమ్. చిటికెలో పని."

మర్నాడు స్టూలు ఖాళీగా ఉంది.

హమ్మయ్య అనుకుంది. ఎందుకో మనసు కాస్త చివుక్కుమంది కూడా. అయినా వేగం పెంచింది. ఆ మలుపు ఆగకుండా తిరగడం ఆమెకదే మొదటిసారి.

గోడ చివర గేటులోంచి ఐసు లారీ వెనక్కి వస్తోంది.

యంత్రాల హోరులో దాని చప్పుడే వినబడలేదు. కనబడేసరికి మీదికొచ్చేసింది. గోడకు అతుక్కుపోయింది టీచరు. లారీ ఆమె భుజాన్ని రాసుకుంటూ పోయింది. డ్రైవరు చూడనే లేదు.

రేపు ఇదే దారిలో పిల్లలు! తలుచుకుంటేనే కళ్లు తిరిగాయి.

ఎదురుగా పడవలు అద్దెకిచ్చే ఆవిడ పరుగున వచ్చి నీళ్లు తాగించింది.

"దెబ్బ తగల్లేదు కదమ్మా?"

"లేదండీ... ఆ పెద్దాయన..."

"ఆయన పనే అది. మనిషిని ఆపి, గోడ సందులోంచి గేటు చూసి, లారీ లేకపోతే అప్పుడు పొమ్మనేవాడు."

"ఆ మాటే చెప్పొచ్చుగా!"

"చెప్పలేదనుకున్నావా? మొదట్లో 'లారీలొస్తాయి, ఆగండి' అని గొంతు చించుకునేవాడు. 'మాకు కళ్లు లేవా' అని ఇంకా జోరుగా పోయేవాళ్లు. టైమడిగితే మాత్రం, ఎంత తొందరలో ఉన్నా ఎవరైనా ఆగుతారు."

"ఇప్పుడెక్కడున్నారాయన?"

"నిన్న వాచ్‌మన్ గెంటేశాడు. ఎవరో టీచరమ్మ చెప్పిందట. రోజూ బస్సులో వచ్చేవాడు. ఎక్కణ్ణుంచో నాకు తెలీదు."

"ఆ టీచర్ని నేనేనండీ." సిగ్గుతో తల వాలిపోయింది. "వెతికి తీసుకొస్తాను. పేరైనా చెప్పండి."

"నేనెప్పుడూ ఆయనతో మాట్లాడలేదమ్మా."

ఆవిడ వెళ్లి ఖాళీ స్టూలు ఎత్తి చంకన పెట్టుకుంది.

"అది మీదా?"

"నాదే. మొదట్లో మొహం తిప్పుకునేదాన్ని. ఎండనక వాననక నిలబడే ఉంటే ఎన్నాళ్లని చూస్తాం? ఓ రోజు తెచ్చి పడేశాను."

మాటల్లేవు, స్టూలు మాత్రం ఇచ్చింది. టీచరుకు ఏమీ అంతుబట్టలేదు.

"మీకు బంధువా అండీ?"

ఆవిడ స్టూలుకంటిన దుమ్ము కొంగుతో తుడిచింది.

"మా అబ్బాయి కూడా నీలాగే ఇక్కడ పరుగెత్తేవాడమ్మా, వాణ్ణి పొట్టన పెట్టుకున్న లారీ నడిపింది ఆయనే."