తెలుగువాళ్లు రాని స్విమ్మింగ్ పూల్

క్లోరిన్ వాసన ఓ పట్టాన వదలదు. సున్నిపిండి పెట్టి రుద్దినా అంతే. పైన సెంటు కొట్టుకుంటే ఇంకా ఘోరం, మనిషి సెంటు కొట్టిన స్విమ్మింగ్ పూల్‌లా ఉంటాడు.

"ఈయనేంటో, నెల్రోజుల్నుంచి ఒళ్లంతా బ్లీచ్ వాసన," అంది గిరిజ, అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో, శ్యామ్‌సుందర్ ఇంటి వెనక చెక్క డెక్ మీద, అందరి ముందూ.

ఆమె మొగుడు రామమోహన్ పకోడీ నోట్లో కుక్కుకుని, "ఆఫీస్‌లో క్లీనింగ్ ఎక్కువైంది," అన్నాడు. అతను కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్.

దీనికంతటికీ కారణం శ్యామ్‌సుందరే.

సమ్మర్ ట్రిప్ ప్లాన్ చేసింది అతనే. రెండు నదులు, ఒక లేక్. మనిషికో కయాక్, అంటే ఒక్కడే కూర్చుని తెడ్డేసుకునే సన్నటి పడవ. అందులోంచి గాలమేసి బాస్ చేపలు పట్టడం. పట్టి, ఫొటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేయడం.

"వదిలేస్తారా? మరి పులుసు?" అంది గిరిజ.

శ్యామ్‌సుందర్ యూట్యూబ్ చూసి చూసి, ఒళ్లంతా జేబులున్న చొక్కా ఒకటి కొన్నాడు. అది వేసుకున్నాక మనిషి మాటే మారిపోయింది. "ఈత రానివాళ్లు నా ట్రిప్‌కి రావద్దు," అని మొదటి మీటింగ్‌లోనే చెప్పేశాడు.

"లైఫ్ జాకెట్లు ఉంటాయి కదా అన్నా?" అన్నాడు చైతన్య, గ్రూప్‌లో అందరికంటే చిన్నవాడు.

"జాకెట్ ప్రాణం కాపాడుద్ది తమ్ముడూ, పరువు కాపాడదు. ఈతొచ్చినోళ్లు చేతులెత్తండి."

అందరూ ఎత్తారు. రామమోహన్ కూడా ఎత్తాడు, కొంచెం లేటుగా.

"డాడీ, నీకు స్విమ్మింగ్ వచ్చా?" అంది అతని కూతురు సాన్వి, ఫోన్‌లోంచి తలెత్తి.

"మాది రాజమండ్రి నాన్నా. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకి ఈత వేరే నేర్పరు."

"అయితే నేను కూడా వస్తా. మనం రేస్ చేద్దాం!"

ఆ వారమే అతను తెలుగువాళ్లు రాని స్విమ్మింగ్ పూల్ వెతుక్కున్నాడు. ట్రాయ్‌లో కుదరదు. పక్క ఊరు నోవైలో అసలే కుదరదు, బట్టలు మార్చుకునే చోట కూడా "మీదే ఊరండీ?" అంటారు. చివరికి గంట దూరంలో, ఇండియన్ స్టోర్ కూడా లేని ఊళ్లో దొరికింది.

పెద్దవాళ్ల బిగినర్స్ బ్యాచ్. ఒక రిటైర్డ్ నర్సు, ఇద్దరు ట్రక్ డ్రైవర్లు, టోపీ గాగుల్స్ మధ్య మొహం కనపడని ఒకాయన, ఇతను. చేయాల్సిన పనల్లా గోడ పట్టుకుని, మొహం నీళ్లలో పెట్టి బుడగలు ఊదడం.

"వండర్‌ఫుల్ బబుల్స్, రామ్!" అని టీచరమ్మ చప్పట్లు కొట్టింది. ఆఫీస్‌లో ఏ మేనేజరూ అతన్ని అంత మెచ్చుకోలేదు.

గోడ మాత్రం వదల్లేదు. ఎందుకంత భయమని ఆవిడ అడిగితే మొత్తం కక్కేశాడు. పుట్టడం రాజమండ్రే గానీ, గోదావరిని రైలు కిటికీలోంచే చూశానన్నాడు. "మా అమ్మాయి స్కూల్లో అందరికీ చెప్పేసుకుంది, మా డాడీ పెద్ద స్విమ్మరని. టీనేజ్ పిల్ల. నాతో ఎక్కడికైనా వస్తానని తనంతట తను అన్నది ఇదే మొదటిసారి."

అనేసి మొహం నీళ్లలో పెట్టుకున్నాడు. బుడగలు రాలేదు.

ఇక్కడ వాట్సాప్ గ్రూప్‌లోనేమో శ్యామ్‌సుందర్‌కి వారానికో అనుమానం. దోమలంటాడు. నీళ్లు చల్లగా ఉంటాయంటాడు. ఈ ఏడు బాస్ చేపలకి మూడ్ బాలేదంటాడు. అన్నకి మా మీద ఎంత శ్రద్ధో అని మురిసిపోయి, చైతన్య కయాక్‌లు బుక్ చేసేశాడు.

"పోనీ వచ్చే సమ్మర్‌కి వాయిదా వేద్దామా?" అని రామమోహన్ మెసేజ్ పెట్టాడు.

సరే అని ఒక్క ముక్క రాస్తే అయిపోయేది. కానీ శ్యామ్‌సుందర్ వేళ్లు వాటంతటవే, "ఏం గురూ, భయమా?" అని కొట్టేశాయి. వరసగా నవ్వే బొమ్మలు పడ్డాయి.

"నాకా? గోదావరోణ్ణి!" అని రాశాడు రామమోహన్.

ట్రిప్ ఈ శనివారమే. సాన్వి తనకీ వాళ్ల నాన్నకీ ఒకే రంగు టోపీలు కొంది.

రామమోహన్‌కి ఈత రాదని చెప్పి ట్రిప్ ఆపేయించొచ్చు గానీ, "నువ్వెక్కడ చూశావ్ శ్యామ్‌సుందర్?" అని వాళ్లడిగితే, పక్కనే గాగుల్స్ పెట్టుకుని నేనూ అదే గోడ పట్టుకుని బుడగలు ఊదుతున్నానని చెప్పకుండా ఇంకేం చెప్పాలో, బాబ్బాబు, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.