సగం చేపలు

ఫిర్దోస్ ఫ్రిజ్ తలుపు తీసింది. డబ్బాలో ఉండాల్సిన నలభై చేపలు లేవు, నాలికలా పలచగా ఉండే నాలిక చేపలు. వాటి చోట ఒకటే బొచ్చె చేప నోరు తెరుచుకుని పడుంది.

"నానీ, నా చేపలేవి?"

అమ్మమ్మ మస్తాన్బీ వక్క నములుతా నింపాదిగా వచ్చింది. ఆత్మకూరు బజారంతా గెలిచొచ్చినంత సంబరం ఆమె ముఖంలో.

"నిన్నెవరో నిలువునా మోసం చేసినారే పిచ్చిదానా. అన్నీ సగం చేపలే. ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు. రెండో ముక్క వాళ్లుంచుకుని ఇది నీకు అంటగట్టినారు. చేపల వరదమ్మకిచ్చేసి నిండు చేప తెచ్చినా."

ఉదయగిరిలో పెళ్లికి పోయొచ్చే లోపల ఇంత పని! వాటి పుట్టుకే అంత అని, పిల్లప్పుడు అటొకటి ఇటొకటిగా ఉన్న కళ్లు పెరిగేకొద్దీ ఒకే పక్కకు చేరతాయని, జానెడు లేకపోయినా అవి గుడ్లు పెట్టే తల్లులేనని ఏడుపు గొంతుతో చెప్పింది ఫిర్దోస్.

"వాటి వయసు చూడాలి నానీ. అదొక్కటే మిగిలింది."

"చేప వయసుతో నీకేం పనే? దానికేమన్నా సంబంధం చూస్తా ఉండావా?"

నవ్వే ఓపిక ఫిర్దోస్‌కి లేదు. పెళ్లికి పోకముందే పొడుగు కొలిచింది, గుడ్లు లెక్కపెట్టింది, మొప్పలకు నెంబరు చీటీలు కట్టింది. తల లోపలుండే చెవిరాయి మీద గీతలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది. నెలనెలా సముద్రపొడ్డుకు పోయి తెచ్చుకుంటున్న చేపల్లో ఇవి పన్నెండో నెలవి, ఆఖరివి. ఇవి పోతే చేపల మీద ఏడాదిగా చేస్తున్న పరిశోధన గంగలో కలిసినట్టే. చెప్పులు కూడా వేసుకోకుండా బజారుకు పరిగెత్తింది. వెనకాలే రొప్పుకుంటా మస్తాన్బీ.

వరదమ్మ కత్తిపీట కడుగుతా ఉంది. అంత మంచి చేపల్ని తెచ్చిచ్చి బొచ్చె తీసుకుపోతానంటే వద్దనడానికి తనకేమన్నా పిచ్చా అంది. తోలు తీసి పెట్టీ పెట్టకముందే, ముల్లు తక్కువని పిల్లలున్న వాళ్లంతా ఎగబడి కొనుక్కుపోయినారంట.

"పోతే పోనీ అక్కా. తలలు? తలలన్నా ఉన్నాయా?"

"నా దగ్గర ఒక్కటి కూడా లేదమ్మా," అని వరదమ్మ మస్తాన్బీ వంక చూసింది.

ఫిర్దోస్ కళ్ల నీళ్లు జలజలా రాలినాయి. మస్తాన్బీ మనవరాలిని దగ్గరకు తీసుకుంది. కొంగుతో ఆ కళ్లు తుడిచింది.

"తలల కోసమా ఈ ఏడుపు? ఒక్కో తలకి రెండు కళ్లూ ఉండాయి కదే, అంటే తల నిండుగానే ఉండాది. సగం చేపతో పాటు నిండు తల ఊరికే ఎందుకియ్యాలి? అన్నీ నరికించి, చీటీలతో సహా ఇంటికి తెచ్చి, పులుసుకని ఫ్రిజ్‌లో కొత్తిమీర వెనకాల దాచిపెట్టినా."