సన్న పేక

నా కోడలు మంజులత బ్యాగులో బట్టలు కుక్కుతోంది. నా కొడుకు శివకృష్ణ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే కంపెనీలో, అంబులెన్సు కాల్స్ నడిపే లినక్స్ సర్వరు మీద పనిచేస్తారు.

"సెకనుకు పది గిగాబిట్లు పోతాండాయని నేను చూపిస్తే, చాలదని పైవాళ్ళకు మెయిల్ పెడ్తావా?" అన్నాడు వాడు.

"నువ్వు పరీక్షకు పంపింది పెద్ద డేటా ప్యాకెట్లు. కాల్‌లో మాట పోయేది చిన్నవాట్లో. అవి సగం రాలిపోతాండాయి. ప్రాసెసర్లో ఎనిమిది కోర్లుంటే భారమంతా ఒక్కదాని మీదే! నేను అన్నిటికీ పంచితే ఒక్క ప్యాకెట్టూ రాలిపోలేదు. నేను చేసిన ఆ మార్పు తీసేసి, సర్వరు నేనే చెడగొట్టినానని రాస్తావా?"

"మాయమ్మకు చెప్పుకో పో, ఈ పురాణం!"

మగ్గం నేసినదాన్ని, నాకెందుకు తెలీదు? లావు పేకతో, అదే లావు అడ్డపోగుతో, బెత్తెడు చీర తొందరగా దిగుతుంది. సన్న పేకైతే అదే బెత్తెడుకు పోగును అటూఇటూ మోసే నాడెను రెండింతలు ఆడించాలి. నేతగాడి సత్తా తెలిసేది సన్న పేకతోనే.

"చిన్నవి పంపి చూళ్ళేదా నాయనా?"

"చూసినా."

"రాలినాయా?"

"రాలితే? సర్వరు బాగుండాదని ముందే సంతకం పెట్టినా. నా పేరు పోదా?"

"పక్కకు జరగరా," అన్నాను.

ఆ రోజు, 2022 జూన్ తొమ్మిదిన, ధర్మవరం స్టేషనుకు ఆటో ఎక్కిన నా కోడలు మళ్ళీ రాలేదు.