జ్వరం పట్టీ

మిరప కోతకొచ్చే వాళ్ళందరి చేతికీ కంపెనీ జ్వరం పట్టీ కడుతుంది. ఒంటి వేడి నూట రెండు దాటితే పట్టీ కూస్తుంది. అది కూయకముందే నీడకు పోతే ఆ పూట కూలి రాదు.

నిన్న పట్టీలన్నిటికీ కొత్త ప్రోగ్రాం ఎక్కించారు. ఈరోజు అమ్మ పట్టీ "నలభై ఒకటి" అంది.

"ఎండ సంగతి చెబుతోందిలే," అంది అమ్మ, కాయలు తెంపుతూనే. "జ్వరమైతే నూరు పైనే చెప్పదూ?"

మా ఊళ్ళో ఎండకు సెల్సియస్ లెక్క, జ్వరానికి ఫారెన్‌హీట్ లెక్క. బడిలో రెండూ నేర్చుకున్నాను. నలభై ఒకటంటే దాదాపు నూట ఆరు. మేస్త్రి దగ్గరికి పరిగెత్తాను.

"బాజీ బాబాయ్, పట్టీలో లెక్క మార్చారు, హద్దు మార్చలేదు. ఇక అది ఎప్పటికీ కూయదు. అమ్మని కూర్చోబెట్టు," అన్నాను.

"కంపెనీకి తెలీనిది నీకు తెలిసిందా సలోమీ? నీడకు పోవాలని నీకే ఉన్నట్టుందే!" అని నవ్వాడు.

నేను అమ్మ చెయ్యి పట్టుకుని లాగాను. "కూలి పోద్దే," అంటూనే సాళ్ళ మధ్య పడిపోయింది. బిందెడు నీళ్ళు పోశాను. లేవలేదు.

పొద్దు వాలేసరికి అమ్మ చెయ్యి చల్లబడింది.

"ముప్పై నాలుగు," అంది పట్టీ. "విశ్రాంతి చాలు. పనికి లేవండి."